సోఫా కింద

"అదెంత పని అత్తయ్యా, చిన్న విషయం" అన్నాడు పెద్దల్లుడు, టీ కప్పు బల్ల మీద పెట్టి.

ఆ మాట చెవిన పడగానే సోఫా చివర కూర్చున్న చిన్నల్లుడికి కడుపు నిండినట్టయింది. తోడల్లుడి నోట ఆ మాట వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి పాడవుతుందని అతనికి అనుభవమే. వంటింటి కిటికీ రెక్క బిగించడం చిన్న విషయమన్నాడు, ఆ రెక్క ఇప్పటికీ తాడుతో కట్టి ఉంది. నీళ్ళ మోటారు చప్పుడు తగ్గించడం చిన్న విషయమన్నాడు. చప్పుడు తగ్గింది, నీళ్ళూ తగ్గాయి. అయినా సరే, ఈ ఇంట్లో ఏ కష్టమొచ్చినా అందరి కళ్ళూ ముందు ఆయన వైపే తిరుగుతాయి. ఫర్నిచర్ షోరూములో మేనేజరు కదా. చొక్కా నలగదు, గొంతు పెద్దది, పైగా ఈ ఇంటికి మొదట వచ్చిన అల్లుడు. ఇంతకు మించి అర్హతలు ఎవరికి కావాలి!

ఈసారి కష్టం మామగారి ఆటతో వచ్చింది. మామగారు మగ్గాల మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. రోజంతా కుర్చీకి అతుక్కుపోయి గోడ చూస్తున్నారని కూతుళ్ళిద్దరూ కలిసి టీవీకి తగిలించే గేమ్ కన్సోల్ కొనిచ్చారు. అందులో లారీ నడిపే ఆట ఒకటి ఉంది. జన్మలో స్కూటరైనా ఎక్కని ఆ మనిషి ఇప్పుడు రోజూ మధ్యాహ్నం లారీ ఎక్కుతున్నారు. సరుకు ఎక్కడికి చేరిందో, ఎన్ని మార్కులు వచ్చాయో ఆయనకు అక్కర్లేదు. ఇంజను మూలగాలి, వాన అద్దాన్ని కొట్టాలి, వైపర్లు అటూ ఇటూ కదులుతూ కిర్రుమనాలి. "మిల్లు మోతలో వాన ఎప్పుడు మొదలైందో ఎప్పుడు ఆగిందో తెలిసేది కాదు. ఇప్పుడు తీరిగ్గా వింటున్నా" అంటారు. వింటున్నప్పుడు ఆయన కుడి మడమ నేల మీద ఇంజనుకు తగ్గట్టు చిన్నగా ఆడుతూ ఉంటుంది.

వినడమంటే ఆయనకు వినబడేంత అని. మిల్లు తినేయగా మిగిలిన చెవులకు వాన వినబడాలంటే టీవీ గొంతు చించుకోవాల్సిందే. గోడకు అవతల ఫ్లాటులో ఒక నర్సు ఉంటుంది. రాత్రంతా ఆసుపత్రిలో పనిచేసి వచ్చి పగలు పడుకుంటుంది. పాపం ఆవిడ మొదట మెల్లగా చెప్పింది, తర్వాత గట్టిగా చెప్పింది, చివరికి బిల్డింగ్ సెక్రటరీకి చెప్పింది.

"సోమవారం కల్లా చప్పుడైనా ఆగాలంట, ఆ ఆట పెట్టైనా ఇంట్లోంచి పోవాలంట" అని అత్తగారు, రెండ్రోజులుండి వెళ్దామని వచ్చిన అల్లుళ్ళకు టీ ఇస్తూ చెప్పుకొచ్చింది. "ఆ నర్సమ్మాయిని తప్పుపట్టలేం. మీ మామయ్యేమో ఆ లారీ లేకపోతే అన్నం సయించనట్టు ఉంటారు."

మామగారు ఆ మాటలు వినబడనట్టు కిటికీలోంచి బయటికి చూశారు. నిజంగానే వినబడలేదేమో కూడా.

శనివారం చీకటి పడేలోగా పెద్దల్లుడు బజారుకెళ్ళి రెండు డబ్బాలతో తిరిగొచ్చాడు. ఒకదాంట్లో వైర్‌లెస్ హెడ్‌ఫోన్లు, ఇంకోదాంట్లో అరచేతిలో పట్టే గుండ్రటి స్పీకరు. వాటిని హాలు మధ్యలో పెట్టుకుని, ఇల్లు ఇల్లంతా చుట్టూ చేరేదాకా ఆగి, అప్పుడు విప్పాడు. అట్టపెట్టెను తెరవడం ఆయనకు చేతకాదు, చించడమే వచ్చు. పైకాగితం ఒక మూలకు, లోపలి అట్ట ఒక మూలకు, ఎలా వాడాలో రాసిన కాగితం ఇంకో మూలకు ఎగిరాయి. మామగారు చీపురు తెచ్చుకుని, వంగి ఆ ముక్కలన్నీ పోగుచేసి సంచిలో వేయడం మొదలుపెట్టారు.

అప్పుడే ఒక అట్టమడత లోంచి బొటనవేలి గోరంత నల్లటి ప్లగ్గు జారి చిన్నల్లుడి కాలి దగ్గరికి దొర్లింది. అతను వంగి తీసుకున్నాడు. పక్కనే పడి ఉన్న పెట్టె మూత మీద బొమ్మ కూడా చూశాడు. ప్లగ్గు, దాని నుంచి కన్సోల్ వైపు ఒక బాణం. సంగతి అర్థమైపోయింది. ఈ హెడ్‌ఫోన్లు ఫోనుకైతే నేరుగా తగులుకుంటాయి, కన్సోల్‌కు మాత్రం తగులుకోవు. దాని వెనక ఈ ప్లగ్గు పెడితేనే పలుకుతాయి. ఇది లేకుండా తోడల్లుడు తలకిందులుగా తపస్సు చేసినా పని జరగదు.

అతను ప్లగ్గును చొక్కా జేబులో వేసుకున్నాడు. దాచుకోవాలని కాదు. తగిన సమయం చూసి బయటికి తీద్దామని.

చిన్నల్లుడు కుళాయిల ఫ్యాక్టరీలో తనిఖీ విభాగంలో పనిచేస్తాడు. తయారైన కుళాయిని గొట్టానికి బిగిస్తాడు, గాలి వదులుతాడు, నీళ్ళ తొట్టిలో ముంచి కళ్ళు చిట్లించి చూస్తాడు. బుడగ లేచిందా, దాన్ని తీసి ఎర్రబుట్టలో పడేస్తాడు. బాగుచేయడం అతని పని కాదు, దానికి వేరే విభాగం ఉంది. పట్టుకోవడం వరకే అతని బాధ్యత. ఎంత తళతళలాడే కుళాయి అయితే, దాంట్లోంచి బుడగ లేచినప్పుడు అతనికి అంత సంతోషం. ఇప్పుడు కాలు మీద కాలు వేసుకుని, తోడల్లుడిని నీళ్ళలో ముంచి చూస్తున్నట్టు కూర్చున్నాడు.

బుడగలు రావడానికి ఎంతోసేపు పట్టలేదు. పెద్దల్లుడు హెడ్‌ఫోన్ల మీద బటన్ నొక్కి పట్టుకున్నాడు, నీలం దీపం టపటపా కొట్టుకుంది. కన్సోల్ మెనూలో వెతికాడు, అందులో వాటి పేరే రాలేదు. మళ్ళీ నొక్కాడు. ఆయన జేబులో ఫోను మాత్రం వాటిని ఇట్టే పట్టేసుకుంది. "ఇదిగో కలిసింది, పెట్టుకోండి మామయ్యా" అని తలకు తగిలించాడు. అదే సమయానికి షోరూము నుంచి ఎవరో ఫోను చేశారు. రింగు నేరుగా చెవుల్లో మోగేసరికి మామగారు ఉలిక్కిపడి కంట్రోలర్ వదిలేశారు. అత్తగారు నవ్వాపుకోలేక వంటింట్లోకి పోయింది.

"టీవీకి కలుపుదాం" అన్నాడు పెద్దల్లుడు, అసలు తాను మొదట్నుంచీ అనుకున్నది అదే అన్నట్టు. టీవీకైతే కలిశాయి. శబ్దం వచ్చింది, కాకపోతే ఆలస్యంగా వచ్చింది. మామగారు బ్రేకు వేస్తే లారీ ఆగిపోయాక కీచుమంటుంది. హారను కొడితే ఎదుటి బండి దాటిపోయాక మోగుతుంది. మలుపులో లారీ రెయిలింగు ఎక్కింది, గుద్దుకున్న చప్పుడు మాత్రం ఆ తర్వాత తీరిగ్గా వచ్చింది.

"నేనొక చోట ఉంటే నా బండి ఇంకో చోట ఉన్నట్టుంది బాబూ. తల తిరుగుతోంది" అని మామగారు హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

గుండ్రటి స్పీకరు కథా అంతే. అదీ టీవీకే కలిసింది, అదే ఆలస్యం. కుర్చీ పక్కనే పెట్టినా ఆయన చెవికి అందలేదు, అందేంత పెంచితే గోడ అవతలి నుంచి ఠక్ ఠక్‌మని చప్పుడొచ్చింది. పెద్దల్లుడు నుదురు తుడుచుకుని, "కన్సోలే సరైంది కాదు మామయ్యా. నిజానికి మా పిల్లలు ఎప్పట్నుంచో ఇలాంటిది కావాలని అడుగుతున్నారు. మా ఇంట్లో అయితే గోల లేదు, పెద్ద హాలు" అన్నాడు.

తనకు చేతకానిది తనింటికి పట్టుకుపోదామని చూస్తున్నాడన్నమాట! చిన్నల్లుడికి ఆ సిగ్గులేనితనం మీద దాదాపు గౌరవం కలిగింది. జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. ఇంకా కాదు అనుకున్నాడు. ఇంకొంచెం ముదరనివ్వాలి.

ఆదివారం పొద్దున్నే చిన్నల్లుడు బాల్కనీలో పళ్ళు తోముకుంటూ కిందికి చూస్తే, చెత్త వేయడానికి వెళ్ళిన మామగారు చెత్తడబ్బా దగ్గరే ఉండిపోయారు. సంచి బోర్లించి అట్టముక్కలు ఒక్కొక్కటీ విప్పి చూస్తున్నారు. వేరేవాళ్ళ సంచులు కూడా పక్కకు జరిపి లోపలికి తొంగిచూస్తున్నారు. పాలు తెచ్చుకుంటున్న సెక్రటరీ ఆగి ఏదో అడిగితే తల అడ్డంగా ఊపారు.

"మీ నాన్నకు చాదస్తం బాగా ముదిరింది" అన్నాడు చిన్నల్లుడు లోపలికొచ్చి భార్యతో. "పారేసిన చెత్తకు లెక్క చూసుకుంటున్నాడు."

మామగారు పైకొచ్చి మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నారు. తర్వాత హాల్లోకి వచ్చి, టార్చిలైటు పట్టుకుని సోఫా ముందు నిలబడ్డారు.

"కాస్త కాళ్ళు పైకి పెట్టుకోండి బాబూ."

చిన్నల్లుడు ఫోనులోంచి తల ఎత్తకుండానే కాళ్ళు పైకి పెట్టుకున్నాడు. మామగారు నేల మీద బోర్లా పడుకుని, చెంప గచ్చుకు ఆనించి లోపలంతా చూశారు. చీపురుపుల్లతో మూలలు గెలికారు. ఆయాసపడుతూ లేచి, సోఫా ఇంకో కొస పట్టుకుని ఒక్కరే ఇవతలికి లాగి, వెనకా చూశారు.

"ఏం పోయింది మామయ్యా?"

"ఏం లేదు, దుమ్ము" అని ఆయన మోకాళ్ళు దులుపుకున్నారు.

దుమ్ము కోసం టార్చిలైటు! చిన్నల్లుడు ఆ ముక్క కూడా భార్యకు చెబుదామని మనసులో పెట్టుకున్నాడు. చెప్పే వీలు ఇట్టే వచ్చింది. ఆమె ఉతకడానికి బట్టలు తీస్తూ జేబులు తడిమి, ప్లగ్గు తీసి అతని ముందు పట్టుకుంది.

"ఇదేంటండీ?"

అతను తలుపు దగ్గరికి వేసి, గుసగుసగా, మిఠాయి పంచుతున్నంత సంబరంగా అంతా చెప్పాడు. ఆమె నవ్వలేదు.

"మరి ఇచ్చేయొచ్చుగా?"

"అడగనీ. 'తమ్ముడూ, నా వల్ల కావట్లేదు, నువ్వోసారి చూడు' అని ఒక్కసారి ఆయన నోటితో అననీ. ఇన్నేళ్ళలో ఈ ఇంట్లో ఎవరైనా నన్నొక మాట అడిగారా? కిటికీ రెక్క అడిగారా, మోటారు అడిగారా?"

"బావగారు అడగాలంటారు. లారీ నడిపేది నాన్న కదా" అని ఆమె ప్లగ్గును కిటికీ గట్టు మీద పెట్టి, బకెట్టు పట్టుకుని వెళ్ళిపోయింది. అతను దాన్ని తీసి, తొడుక్కున్న ఉతికిన చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆడవాళ్ళకు ఇలాంటివి అర్థం కావనుకున్నాడు. అలా అనుకోవడం తేలిక.

మధ్యాహ్నం పెద్దల్లుడు మళ్ళీ కూర్చున్నాడు. ఈసారి కలిపినవన్నీ తెంచేశాడు, మెనూలో కనిపించిన ప్రతి వరుసా మార్చేశాడు, టీవీ శబ్దం పూర్తిగా తీసేశాడు. హెడ్‌ఫోన్లు మామగారి తలకు తగిలించి, చప్పట్లు చరిచి, "అయిపోయింది! నడపండి మామయ్యా. వస్తోందా?" అని అడిగాడు.

మామగారు లారీ బయల్దేరదీశారు. తెర మీద వాన పడుతోంది. ఆయన అల్లుడి ముఖంలోకి చూశారు.

"వినిపిస్తోంది బాబూ. చాలా బాగుంది" అన్నారు.

"చెప్పానా, చిన్న విషయమని!" అని పెద్దల్లుడు భార్య వైపు, అత్తగారి వైపు, చివరికి చిన్నల్లుడి వైపు కూడా చూశాడు. పెద్దకూతురు ముఖం వెలిగిపోయింది. అత్తగారు "పోనీలే, గండం గడిచింది" అంది.

చిన్నల్లుడు మాత్రం హెడ్‌ఫోన్ల అంచున ఉన్న దీపం చూశాడు. అది ఇంకా టపటపా కొట్టుకుంటూనే ఉంది. దేనికీ కలవలేదు. తర్వాత మామగారి మడమ చూశాడు. అది నేల మీద కదలకుండా ఉంది. ముసలాయన ఉత్త నిశ్శబ్దాన్ని తలకు కట్టుకుని లారీ నడుపుతూ బాగుంది బాగుంది అంటున్నాడు!

అతనికి ఒళ్ళు మండింది. ఇదా పద్ధతి? ఇస్త్రీ చొక్కా నొచ్చుకుంటుందని ఇంత అబద్ధమా? ఆ మొద్దు ఇంత ఎదగడానికి ఈ పిరికితనమే కదా ఎరువు. అందరూ ఇలా నోరు నొక్కుకుని బాగుందంటూ ఉంటే కుళాయిలన్నీ బాగున్నట్టే, ప్రపంచంలో ఎర్రబుట్టే అక్కర్లేదు. అక్కడికక్కడే లేచి బండారం బయటపెడదామా అనుకున్నాడు. కానీ ఇప్పుడు తీస్తే అబద్ధమాడింది మామగారని తేలుతుంది, తోడల్లుడు తప్పించుకుంటాడు. మళ్ళీ ఆగాడు.

సోమవారం పొద్దున నర్సు డ్యూటీ నుంచి వస్తూ తలుపు కొట్టింది. కళ్ళ కింద నలుపు, చేతిలో టిఫిను డబ్బా. "నిన్న ఒళ్ళు తెలియకుండా నిద్రపోయానండీ. ఎన్నాళ్ళయిందో. ఎవరు బాగుచేశారో కానీ పుణ్యం కట్టుకున్నారు" అంది. పెద్దల్లుడు గుమ్మంలోకి ముందుకొచ్చి, పుణ్యమంతా తానే అందుకున్నాడు. "ఏముందమ్మా, చిన్న విషయం" అన్నాడు.

ఆవిడ వెళ్ళాక మామగారు కుర్చీలోంచి లేచి కన్సోల్ మీద చెయ్యి వేశారు.

"బాబూ, దీన్ని మీరే తీసుకెళ్ళండి. కళ్ళు లాగుతున్నాయి. నాకెందుకిది, పిల్లలైతే ఆడుకుంటారు."

"అదేంటి, ఇంత కష్టపడి బాగుచేయించుకుని!" అంది అత్తగారు.

"కళ్ళు లాగుతున్నాయంటుంటే" అన్నారాయన, ముఖం అటు తిప్పుకుని.

పెద్దల్లుడు రెండోమాట అనిపించుకోలేదు. వైర్లు చుట్టడం, పెట్టెలో సర్దడం చకచకా జరిగిపోయాయి. ఈ విషయంలో మాత్రం ఆయన చెయ్యి మహా చురుకు. "హెడ్‌ఫోన్లు కూడా ఇందులోనే పెట్టేయనా మామయ్యా, మీకిక అవసరం లేదుగా?" అని అడిగాడు.

చిన్నల్లుడు తాడు ముడి పడేదాకా చూశాడు. ఇదే సమయం. ఇంతకంటే ముదిరితే కుళ్ళిపోతుంది. లేచి, హాలు మధ్యకు వచ్చి, రెండు రోజులుగా నోట్లో నానబెట్టుకున్న వాక్యం సిద్ధం చేసుకున్నాడు. 'అన్నయ్యా, ఇదేంటో మీకు తెలుసా?' అని, మెల్లగా, అందరికీ వినబడేట్టు అనాలి. జేబులో చెయ్యి పెట్టి ప్లగ్గు తీసి, రెండు వేళ్ళ మధ్య పైకి పట్టుకున్నాడు.

"దొరికిందా!"

ఆ అరుపు మామగారిది. ఆయన కుర్చీలోంచి సగం లేచిపోయారు. ముఖం చిన్నపిల్లాడి ముఖంలా విప్పారింది. దగ్గరికొచ్చి, అల్లుడి చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ప్లగ్గును కళ్ళకు దగ్గరగా తెచ్చుకున్నారు.

"ఇదే. ఇదే. మూత మీద బొమ్మలో ఉన్నది ఇదే."

"దీనికోసమేనా నిన్న చెత్తడబ్బాలన్నీ కెలికి వచ్చింది?" అంది అత్తగారు. "అడిగితే ఏం లేదంటారు!"

"ఏమని చెప్పనే? కాగితాలన్నీ ఊడ్చి పారేసింది నేను. దాంతోపాటు ఇదీ పోయింది అనుకున్నా. పెద్దబాబు అంత ప్రేమగా తెచ్చిపెడితే, నా చేత్తో చెత్తలో వేశానని ఎలా చెప్పేది? మళ్ళీ ఇంకోటి కొనుక్కొస్తానంటాడు. నేను చేసిన తప్పుకు ఇంకొకరు తిరగాలా? కింద మూడిళ్ళ సంచులు విప్పాను. సెక్రటరీ చూసి ఏమనుకున్నాడో ఏమో. పోనీలే. నేను పారేయలేదన్నమాట."

హాల్లో అందరూ ప్లగ్గునే చూస్తున్నారు. చిన్నల్లుడి నోట్లో సిద్ధంగా ఉన్న వాక్యం అక్కడే ఎండిపోయింది.

"ఎక్కడ దొరికింది బాబూ?" అంది అత్తగారు. ఆవిడ మామూలుగానే అడిగింది.

అతను భార్య వైపు చూశాడు. ఆమె తలుపు దగ్గర నిలబడి అతన్నే చూస్తోంది. జవాబు ఏం చెబుతాడో నిజంగా తెలుసుకోవాలన్నట్టు చూస్తోంది.

"సోఫా కింద" అన్నాడు.

అన్నాక తెలిసింది తానేమన్నాడో. మామగారి చేతులు ఇంకా అతని చేతి చుట్టూనే ఉన్నాయి. ఆ చేతులు ఒక్కసారి ఆగాయి. గచ్చుకు చెంప ఆనించి, టార్చిలైటు వేసి, చీపురుపుల్లతో ప్రతి మూలా గెలికిన మనిషి అతని కళ్ళలోకి చూశారు, తర్వాత అతని చొక్కా జేబు చూశారు. ఆ తర్వాత అత్తగారి వైపు తిరిగారు.

"సోఫా కిందే అయ్యుంటుంది. నిన్న వెతికాను కానీ, నా చూపు అంతంత మాత్రమే కదా" అన్నారు.

చిన్నల్లుడు చూసేసరికి తలుపు దగ్గర అతని భార్య లేదు. లోపలి గదిలో సంచి జిప్పు లాగిన చప్పుడు వినిపించింది.

తాడు విప్పారు. కన్సోల్ మళ్ళీ టీవీ కింద చేరింది. వెనక ప్లగ్గు పెట్టింది చిన్నల్లుడే. మొదటిసారి అది జారింది. నీలం దీపం కొట్టుకోవడం ఆపి నిలకడగా వెలిగింది. మామగారు హెడ్‌ఫోన్లు పెట్టుకుని లారీ తీశారు. తెర మీద వాన మొదలైంది. కాసేపటికి కుడి మడమ మెల్లగా ఆడటం మొదలుపెట్టింది.

"మొత్తానికి నేను తెచ్చిన సెట్టు మంచిదే. చెప్పానుగా, చిన్న విషయమని" అన్నాడు పెద్దల్లుడు, చేతులు దులుపుకుంటూ. ఖాళీ పెట్టె వైపు ఒకసారి దిగులుగా చూశాడు కూడా.

"అయినా చిన్నబాబు కంట పడింది కాబట్టి సరిపోయింది" అంది అత్తగారు, టీ కప్పు ముందు అతనికే అందిస్తూ. "ఈసారి వచ్చినప్పుడు ఆ కిటికీ రెక్క కూడా మీరే ఓసారి చూడండి బాబూ. మీకైతే ఓపికుంది."

ఇన్నేళ్ళూ అతను ఎదురుచూసిన మాట అది. కప్పు వేడిగా ఉంది. అతను దాన్ని పట్టుకుని ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడ్డాడు. సోఫా ఖాళీగానే ఉంది. దాని మీద కూర్చోబుద్ధి కాలేదు. ఎవరో ఒకరు తిడితే బాగుండుననిపించింది. కనీసం తోడల్లుడికైనా అనుమానం వస్తే బాగుండును. ఆ మొద్దుకు అదీ రాలేదు.

చివరికి మామగారి కుర్చీ పక్కకు వెళ్ళి వంగి, చెవి దగ్గర గట్టిగా అడిగాడు.

"మామయ్యా, వినిపిస్తోందా?"

మామగారు లారీని రోడ్డు పక్కకు తీసి ఆపారు. తల ఎత్తి, అతని ముఖంలోకి చూసి, నిన్న పెద్దల్లుడితో చెప్పినంత మెత్తగా, అవే మాటలు చెప్పారు.

"వినిపిస్తోంది బాబూ. చాలా బాగుంది."